హెచ్‌1బీ మీద ఉండి టెక్సాస్‌లో కుక్కలతో పందివేట: లైసెన్స్ కథ

"పందులకు లైసెన్సేంటి?" అని నవ్వాడు మా టీమ్‌లోని టెక్సాస్ మనిషి. 2024 అక్టోబర్ మొదట్లో, ఆఫీసు క్యాంటీన్‌లో మాట ఇది. వాళ్ల బావమరిదికి వేటకుక్కలున్నాయి. చలికాలం శనివారం రాత్రుళ్లు డాలస్‌కు దక్షిణాన, కార్సికానా దాటాక, ట్రినిటీ నది పల్లపు భూముల్లోకి అడవిపందుల వేటకు పోతుంటారు. నన్నూ రమ్మన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందిని వేటాడటానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. సీజన్ అంటూ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, పగలైనా రాత్రైనా ఒకటే. జింకను కుక్కలతో తరిమితే నేరం, పందిని తరమొచ్చు. కుక్కలకు విడిగా వేట పర్మిట్ కూడా లేదు. మాది మార్కాపురం వైపు పల్లె. అక్కడ కుక్కలతో పందిని పట్టారని తెలిస్తే ఫారెస్టు వాళ్లు జీపేసుకుని దిగుతారు, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు. రాత్రికి రాత్రి వేరుశనగ చేనంతా కుమ్మి పోయినా, మా నాన్న మంచె మీద కూర్చుని డబ్బా వాయించేవాడు, అంతే. అందుకే ఇక్కడ ఇంత సులువా అని ఆశ్చర్యపోయాను.

అయితే నాకు ఒక అనుమానం ఉండిపోయింది. అంతకు ముందెప్పుడో ఒక ఫ్రెండ్ బ్యాచిలర్ పార్టీకని షూటింగ్ రేంజ్‌కు వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి ఫారం చూసి "వీసా మీద ఉన్నారా? హంటింగ్ లైసెన్స్ ఉందా?" అని అడిగింది. మా గుంపులో గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లనే లోపలికి పంపింది. మిగతావాళ్లం బయట కూర్చుని కోక్ తాగాం. గన్ పేల్చడానికీ హంటింగ్ లైసెన్స్‌కీ సంబంధం ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. పందివేట అనగానే అది గుర్తొచ్చింది.

ఇమిగ్రేషన్ లాయర్ అపాయింట్‌మెంట్ దొరకడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. అరగంటకు 200 డాలర్లు. మా కొలీగ్‌కు ఈ సంగతి చెప్తే పంది కన్నా లాయర్‌కే ఎక్కువయ్యేటట్టుందే అన్నాడు. ఆయన పుట్టుకతో సిటిజన్, ఆయనకేం.

లాయర్ చెప్పింది ఇది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ (అంటే కొంతకాలానికే ఇచ్చే) వీసా మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్‌1బీ, హెచ్‌4, ఎల్1, ఎఫ్1, విజిటర్ వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనలాంటివాళ్లకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం. అది లేకుండా గన్ పట్టుకుంటే 15 ఏళ్ల దాకా జైలు పడే నేరం. గన్ కేసంటే దేశం నుంచి పంపించేయడానికీ అదొక కారణం అవుతుంది.

"మరి పందికి టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదంటున్నారు కదండీ" అన్నాను.

"పందికి అక్కర్లేదు. నీ చేతిలో గన్‌కు కావాలి" అందావిడ.

టెక్సాస్ లెక్క వేరు, వాషింగ్టన్ లెక్క వేరన్నమాట. నా పక్కన నిలబడే సిటిజన్ ఏ కాగితం లేకుండా పందిని కాల్చొచ్చు. అదే పొలంలో, అదే పందిని, అదే గన్‌తో నేను కాల్చాలంటే లైసెన్స్ ఉండాలి. ఈ ముక్క మనవాళ్లలో చాలామందికి తెలియదు. "ఫ్రెండ్ రాంచ్‌కు వెళ్లాం, సరదాగా నాలుగు రౌండ్లు పేల్చాం" అని ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెట్టేవాళ్లను చూస్తే ఇప్పుడు నాకు గుండె దడ.

గన్ నాదే కానక్కర్లేదట. ఎవరిదో తీసుకుని చేతిలో పట్టుకున్నా అది నా దగ్గర ఉన్నట్టే. కుక్కలతో వేటలో సాధారణంగా కత్తే వాడతారు, కుక్కలకు తూటా తగులుతుందన్న భయంతో. కేవలం చూడ్డానికే వెళ్తే నాకేమీ అవసరం లేదు. కానీ రాత్రిపూట బురదలో, "ఒక్క నిమిషం దీన్ని పట్టుకో" అని ఎవరో రైఫిల్ చేతికిస్తారు. అప్పుడు వద్దు, నేను వీసా మీద ఉన్నాను అని ఉపన్యాసం ఇవ్వడం కుదిరే పని కాదు. లైసెన్స్ తీసుకోవాలని అక్కడే తేల్చుకున్నాను. (ఇదంతా నా విషయంలో నా లాయర్ చెప్పింది. మీ స్టేటస్‌ని బట్టి మీ లాయర్‌ని అడగండి.)

లైసెన్స్ కావాలంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ అనే కోర్సు చేయాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పనిసరి. 17 ఏళ్లు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. తొందరగా ఉంటే 10 డాలర్లు కట్టి ఒక్కసారికి వాయిదా కూడా వేసుకోవచ్చు, కాకపోతే కోర్సు చేసి లైసెన్స్ ఉన్నవాళ్ల పక్కనే వేటాడాలి. నేను జన్మలో గన్ ముట్టుకోలేదు, అందుకని 15 డాలర్లు పెట్టి క్లాసుకే వెళ్లాను. దగ్గర్లోని క్లాసులన్నీ నిండిపోయాయి, నవంబర్‌లో జింకల సీజన్ మొదలవుతుంది కాబట్టి అందరూ అప్పుడే మేల్కొంటారు. నాకు నవంబర్ 16 శనివారం దొరికింది.

పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, క్లాసు నిండా పిల్లలు. తొమ్మిదేళ్ల నుంచి ఈ క్లాసులో చేరొచ్చు. తండ్రుల మధ్య కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నారు, ఒకమ్మాయి జడకు గులాబీ రంగు రిబ్బను. నా పక్కన కూర్చున్న పిల్లాడు నా పేరు పలకడానికి ప్రయత్నించి, కుదరక, "సర్" అని సరిపెట్టుకున్నాడు. చెప్పేవాళ్లు వాలంటీర్లు. పెద్దాయన ఒకరు, ఆరేడు గంటలు నిలబడే చెప్పారు.

నేను పుస్తకం పాఠం అనుకున్నాను గానీ చేతులతో చేయించిందే ఎక్కువ. ఇద్దరు కలిసి ఫెన్స్ దాటాలి, చేతిలో డమ్మీ గన్‌లు. ముందు తూటాలు తీయాలి, బోల్టు తెరిచి పెట్టాలి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు దాటాలి, గొట్టం ఎవరి వైపూ తిరగకూడదు. నా వంతు వచ్చినప్పుడు గన్ అందుకోబోతూ దాని గొట్టం తిప్పిన తీరు చూసి, జడ రిబ్బను అమ్మాయి "మజల్!" (గన్ గొట్టం మూతి చూసుకో అని) గట్టిగా అరిచింది. అందరూ నవ్వారు. ఆ పాప ఫెన్స్ దాటిన తీరు చూస్తే వాళ్లింట్లో ఉగ్గుపాలతో పోశారేమో అనిపించింది. తర్వాత "కాల్చాలా వద్దా" అని సందర్భాలు చూపించారు: గుట్ట అంచు మీద నిలబడ్డ జింక, వెనకాల ఏముందో కనపడదు. కాల్చకూడదు. చివర్లో పరీక్ష. పిల్లలు నాకంటే ముందే ముగించి బయటికి పరుగెత్తారు.

సర్టిఫికెట్ అప్పటికప్పుడు చేతికి రాలేదు. నా పేరు వెబ్‌సైట్‌లో ఎక్కేదాకా కొన్ని రోజులు ఆగి ప్రింట్ తీసుకున్నాను.

లైసెన్స్ ఆన్‌లైన్‌లో కొనొచ్చు, 5 డాలర్లు అదనం. ఏదైనా తేడా వస్తే మనిషితో మాట్లాడొచ్చు కదా అని నేను షాపుకు వెళ్లాను. పెద్ద షాపుల్లో స్పోర్ట్స్ సామాన్ల కౌంటర్ దగ్గర ఇస్తారు. టెక్సాస్ నివాసికి 25 డాలర్లు, బయటి రాష్ట్రం వాళ్లకు 315. నివాసి అనిపించుకోవాలంటే ఆరు నెలలకు మించి వరసగా ఇక్కడ ఉండాలి, అంతే. సిటిజన్ అయ్యుండాలని ఎక్కడా లేదు. కానీ వీసా మీద ఉన్నవాళ్ల డ్రైవింగ్ లైసెన్స్ మీద "లిమిటెడ్ టర్మ్" అని అచ్చు వేస్తారు కదా, కౌంటర్‌లో కుర్రాడు దాన్ని చూసి ఆగిపోయాడు. "నువ్వు ఇక్కడివాడివి కాదుగా, 315 అవుతుంది" అన్నాడు. అడ్రస్ చూపించాను. మూడేళ్ల అపార్ట్‌మెంట్ లీజు ఫోన్‌లో ఉంటే తీసి పెట్టాను. వాడు మేనేజర్‌ని పిలిచాడు, మేనేజర్ ఇంకెవరికో ఫోన్ చేసింది, నా వెనక లైన్‌లో చేపల గాలాలు పట్టుకున్న ఒకాయన నిట్టూరుస్తున్నాడు. ఇరవై నిమిషాల తర్వాత 25 డాలర్లకే కొట్టిచ్చారు. సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా అడుగుతారు, ముందే గుర్తు పెట్టుకుని వెళ్లండి. చేతికొచ్చింది ఒక పొడవాటి కాగితం, పెద్ద బిల్లులా ఉంది. దాన్ని ఫొటో తీసుకుని, అసలుది జిప్‌లాక్ కవర్‌లో పెట్టాను.

నవంబర్ ఆఖరుకు నా కాగితాలు సిద్ధం. వేటకు వెళ్లింది మాత్రం జనవరిలో. మధ్యలో ఇన్ని వారాలు పోయింది ప్రభుత్వం వల్ల కాదు, పక్క పొలం వాళ్ల వల్ల.

మేం వెళ్లే రాంచ్ యజమాని ఎప్పుడైనా రమ్మన్నాడు, పందులు గడ్డి మైదానాన్ని నాగలితో దున్నినట్టు తిరగేస్తున్నాయి. కానీ కుక్కలకు ఫెన్స్ పట్టదు. పంది కంచె కింద దూరిపోతే కుక్కలూ దూరతాయి, వాటి వెనక మనుషులూ దూరాలి. అనుమతి లేకుండా పక్క భూమిలో అడుగుపెడితే ట్రెస్‌పాస్, అంటే అక్రమ ప్రవేశం. తూర్పు పక్క భూమిని కొందరు జింకల వేటకు లీజు తీసుకున్నారు. సీజన్ మధ్యలో మా కుక్కలు వాళ్ల జింకలను చెదరగొడితే ఊరుకోరు కదా. ఉత్తర టెక్సాస్‌లో ఆ ఏడు జింకల జనరల్ సీజన్ జనవరి 5తో ముగిసింది. అది అయ్యాక రండి, మాకేం అభ్యంతరం లేదన్నారు. బావమరిది (అంటే కుక్కల ఆయన) ఈ విషయంలో చాలా పట్టింపు మనిషి. మూడు వైపుల పొరుగువాళ్లకూ ఫోన్లు చేసి, ఒప్పుకున్నవాళ్ల దగ్గర టెక్స్ట్ మెసేజ్ రూపంలో తీసుకుని, స్క్రీన్‌షాట్లు దాచాడు. రాంచ్ యజమానికి వచ్చేవాళ్ల పేర్లు, ట్రక్కుల నంబర్లు పంపాడు. నా పేరు స్పెల్లింగ్ అడిగినప్పుడు అర్థమైంది, ఈ పనిలో అసలైన లైసెన్స్ ఆయన ఫోన్‌లో ఉన్న ఆ మెసేజ్‌లే. రాత్రి వేట కాబట్టి ఆ కౌంటీ గేమ్ వార్డెన్‌కూ (వేట చట్టాలు చూసే అధికారి) ఒక మాట చెప్పి పెట్టాడు. చెప్పి తీరాలని కాదు గానీ, అర్ధరాత్రి లైట్లు చూసి ఎవరో ఫోన్ చేస్తే వార్డెన్ మన మీద పడకుండా ఉంటాడట.

జనవరి 18 శనివారం. చలి ముప్పైల్లో ఉంది, ఫారెన్‌హీట్‌లో లెండి. బూట్లకు, హెడ్‌ల్యాంప్‌కు అప్పటికే 120 డాలర్ల పైన వదిలాయి. ట్రక్కు వెనక కుక్కల పెట్టెలు. పసుపు రంగు బ్లాక్‌మౌత్ కర్ జాతిది ఒకటి, మచ్చల కటహూలా జాతిది ఒకటి. ఇవి బే డాగ్స్: పందిని వాసన పట్టి, చుట్టూ తిరిగి మొరుగుతూ కదలనీయకుండా నిలబెడతాయి, మీద పడవు. మూడోది బుల్‌డాగ్ సంకరం, క్యాచ్ డాగ్. దానికి కెవ్లార్ అనే గట్టి గుడ్డతో చేసిన కవచం, మెడకు వెడల్పాటి పట్టీ. దాన్ని ఆఖరుదాకా తాడుతోనే పట్టుకుని నడిపిస్తారు. మొదటి రెండింటి మెడల్లో గార్మిన్ జీపీఎస్ కాలర్లు. కుక్క ఎటు పరుగెత్తుతోందో, ఎక్కడ ఆగి మొరుగుతోందో చేతిలోని పరికరంలో కనిపిస్తుంది.

గేటు దగ్గరే ఆయన టార్చి వేసి కంచె కర్రలు చూపించాడు. కొన్నింటి మీద నిలువుగా ఊదారంగు పెయింటు. టెక్సాస్‌లో ఆ గీత ఉందంటే "లోపలికి రావద్దు" అని బోర్డు పెట్టినట్టే, విడిగా బోర్డు అక్కర్లేదు. "మనం ఈ వైపు దాటొచ్చు, ఆ వైపు వద్దు. కుక్కలు ఆ వైపు పోతే నిలబడిపోయి ఫోన్ చేయాలి" అన్నాడు.

వేటంటే పరుగులే అనుకున్నాను. ముప్పావు వంతు చీకట్లో నోరు మూసుకుని నిలబడటమే. ఒకసారి కుక్కలు అరిచి, వాగు దాటి, ఊరుకున్నాయి. పంది తప్పించుకుంది. కాఫీ అయిపోయింది. ఇక వెళ్దామా అని అడగడానికి మొహమాటపడుతున్నంతలో, దూరంగా ఒకే చోట నుంచి మొరుగుడు మొదలైంది. ఆగకుండా, ఒకే లయలో. కుక్కల ఆయన పరికరం చూడను కూడా లేదు, "బేడ్" (పందిని నిలబెట్టేశాయి) అని నడక అందుకున్నాడు.

ముళ్లతీగల్లో నుంచి పడుతూ లేస్తూ వెళ్లేసరికి వాగు ఒడ్డున చెట్టువేళ్ల సందులో వెన్ను ఆనించి నిలబడి ఉంది మగపంది. 140 పౌండ్లు ఉంటుందన్నారు. క్యాచ్ డాగ్‌ను వదిలారు. అది మొరగలేదు. నేరుగా వెళ్లి చెవి పట్టుకుంది. పంది అరుపు నా పళ్లలో మోగింది. కుక్కల ఆయన వెనక నుంచి వెళ్లి వెనక కాళ్లు రెండూ ఎత్తి పక్కకు పడేసి, నన్ను ఒక కాలు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. బిరుసు వెంట్రుకలు, బురద, ఆ చలిలో సలసల కాగే వేడి. తన్నుతుంటే నా భుజాలు ఊడొస్తాయేమో అనిపించింది. మా కొలీగ్ ముందుకాలి చంక వెనక కత్తి దించాడు. నేను అనుకున్నదానికన్నా చాలా త్వరగా అయిపోయింది, కానీ కాలు బిగువు సడలడం మాత్రం చేతికి తెలిసింది.

నాకేమనిపించిందో నిజం చెప్పాలంటే, గర్వం లేదు, ఏడుపూ రాలేదు. మా నాన్న ఉంటే సంతోషించేవాడు అనుకున్నాను, వెంటనే ఇది ఆయన చేనూ కాదు, ఆ పందీ కాదుగా అనుకున్నాను. మళ్లీ కాలు పట్టుకోమంటే పట్టుకుంటానా అంటే ఇంకా తేల్చుకోలేదు.

ఆయన పందిని వదిలేసి ముందు కుక్కను చూశాడు. కవచం అంచు కింద రెండంగుళాల కోత, కోర తగిలింది. నీళ్లతో కడిగి, సంచిలోంచి చర్మానికి వేసే స్టేప్లర్ తీసి టకటక నాలుగు వేశాడు. కుక్క తోక ఊపుతూ నిలబడింది. పందిని కోసేటప్పుడు అందరికీ రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి అన్నాడు. అడవిపందుల రక్తం నుంచి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు మనుషులకు అంటుకుంటుంది. కుక్కలకు పచ్చిమాంసం ముక్క కూడా పెట్టడు, సూడోరేబిస్ వస్తే కుక్క బతకదు. ప్రాణంతో పట్టిన పందిని తీసుకెళ్లి ఇష్టమొచ్చినచోట వదలడం మాత్రం చట్టం ఒప్పుకోదు.

తిరిగి వస్తుంటే మైదానంలో ఒక గుంపు. మా కొలీగ్ థర్మల్ స్కోపు (ఒంటి వేడిని బట్టి చీకట్లో చూపించేది) పెట్టిన రైఫిల్ నా చేతికిచ్చాడు, నేను ముందే ఊహించినట్టే. జేబులో జిప్‌లాక్ కవర్ తడిమి చూసుకుని పట్టుకున్నాను. స్కోపులో పందులు తెల్లటి బొమ్మల్లా కదులుతున్నాయి. వెనకాల ఏముందో చూశాను, ఒక్కటే కాల్చాను, తగల్లేదు. గుంపంతా చెట్లలోకి పోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఒక వెనకతొడ నాకిచ్చారు. ఇంట్లో "ఏమండీ, అది నా ఫ్రిజ్‌లో పెడితే మీరు గ్యారేజీలో పడుకోవాలి" అంది మా ఆవిడ. ఐస్‌బాక్స్‌లోనే ఉంచి, మర్నాడు ఫ్రెండ్ ఇంట్లో గోంగూర వేసి వండాం. 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడకాలన్నారు కాబట్టి థర్మామీటర్ గుచ్చి మరీ చూశాం. మంచి రుచి, కాస్త గట్టి. అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు, సొంతానికి తినాలి.

తర్వాత కొందరు ఫ్రెండ్స్ "లైసెన్స్ ఉందిగా, గన్ కొనెయ్" అన్నారు. హంటింగ్ లైసెన్స్ చూపించి, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) నంబర్ రాసి కొనొచ్చు, నిజమే. కానీ మా ఆవిడది హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా), తనకు హంటింగ్ లైసెన్స్ లేదు. తన చేతికి అందేచోట గన్ ఉంటే ఆ చిక్కు తనకూ రావచ్చని లాయర్ అంది. పైగా టెక్సాస్ ఏడాది హంటింగ్ లైసెన్సులు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తాయి. సెప్టెంబర్ 1 పొద్దున కొత్తది లేకపోతే, బీరువాలో ఉన్న గన్‌తో సహా నేను మళ్లీ మొదటికే. ఏటా ఆ తేదీకి బిక్కుబిక్కుమంటూ బతకలేను, కొనలేదు. రెన్యువల్‌కు ఆగస్టు 20న ఫోన్‌లో అలారం మాత్రం పెట్టాను. వీసా స్టాంపింగ్‌కు వెళ్లేటప్పుడు డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో గన్‌ల లాంటి వాటిలో ప్రత్యేక శిక్షణ ఏమైనా ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. నాది తొమ్మిదేళ్ల పిల్లలతో కలిసి చేసిన శిక్షణ. దానికేం రాయాలో ఇంకో అరగంట అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

ఈ నవంబర్‌లో మా మామయ్య విజిటర్ వీసా మీద వస్తున్నారు. ఫొటోలు చూసినప్పటి నుంచి వేటకు తీసుకెళ్లమని ఒకటే పోరు. 1962లో పుట్టారు కాబట్టి క్లాసు అక్కర్లేదు, టెక్సాస్ బయటివాళ్లకు 48 డాలర్లకు ఐదు రోజుల లైసెన్స్ ఉంది, పందులకు అది సరిపోతుంది. "గన్ ఎవడిక్కావాలయ్యా, ఆ కుక్కల్ని చూపించు చాలు" అంటున్నారు. అయినా ఆ 48 డాలర్లు నేనే కడతాను.